బుష్ కన్నా ముందు బెండకాయ

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మొత్తం వ్యవహారంలో విద్యుత్ శాఖ వారు రాసిన మొదటి వాక్యంలో తప్పేమీ లేదు. "పాత ఇళ్లలో గోడల లోపల అమర్చిన ఇనుప గొట్టముల అంచులు పదునుగా ఉండి, వాటి గుండా పోవు విద్యుత్ తీగలను కోసివేయు ప్రమాదము కలదు" అన్నారు. కలదు. నిక్షేపంగా కలదు. గొడవంతా రెండో వాక్యంతో మొదలైంది.

నా పేరు హైమావతి. దివాను గారి వీధిలో మా ఇంట్లోనే కర్రీ పాయింట్ నడుపుతాను. మా ఊరికి కరెంటు వచ్చిన కొత్తలోనే ఈ ఇంటికీ పెట్టించారట. అప్పట్లో గోడలో ఇనప పైపు పాతి, అందులోంచి తీగలు లాగేవారు. పైపుని రంపపు బ్లేడుతో కోసి, కోసింది కోసినట్టే వదిలేసేవారు. ఆ మూతి మీదుగానే తీగ వంగి స్విచ్‌బోర్డులోకి రావాలి. ఏళ్ల తరబడి అక్కడే ఒరుసుకుని దాని పైతొడుగు చిరుగుతుంది. లోపలి రాగి పైపుకి తగులుతుంది. వానాకాలం గోడ చెమ్మగిల్లిందా, ఆ సంగతి గోడ మనకి చెబుతుంది.

మా గోడ పైడమ్మకి చెప్పింది. పైడమ్మ నేను కొట్టు పెట్టిన రోజు నుంచీ నా దగ్గరే ఉంది. బోర్డు మీద పేరు నాది గానీ, ఆ వంటల్లో చెయ్యి ఆవిడది. ఆ పొద్దున గారెలకి మినప్పప్పు గ్రైండర్‌లో వేసి స్విచ్ నొక్కబోయి, గోడకి చెయ్యి ఆన్చింది. నేను వెళ్లేసరికి మోచేతిదాకా తడి పప్పుతో నేల మీద కూర్చుని ఉంది.

"అమ్మగోరూ, గోడ నన్ను కొట్టీసిందండీ."

"గోడ కొట్టడమేమిటే?" అంటూ నేనూ ముట్టుకున్నాను. నన్నూ కొట్టింది.

ఎలక్ట్రీషియన్ మోజెస్‌ని పిలిపించాను. మా వీధిలో ఏ ఇంట్లో ఏ తీగ ఎటు పోతుందో, ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో, రెండూ అతనికి తెలుసు. రెండూ చెప్పకుండా వెళ్లడు. బోర్డు విప్పి లోపలికి టార్చి వేశాడు.

"చూశారా మేడమ్, మూతి కత్తిపీటలా ఉంది. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, బుష్ తొడిగి, ఈ మూరెడు తీగ మార్చేస్తే ఇక మీ జోలికి రాదు."

బుష్ అంటే పెద్ద విషయం కాదు. పైపు మూతికి తొడిగే రబ్బరు కట్టు. ఏ హార్డ్‌వేరు కొట్లో అయినా డబ్బాల్లో పోసి ఉంటాయి. మోజెస్ అది తేవడానికి ఈల వేసుకుంటూ వెళ్లి, ఈల మానేసి వచ్చాడు.

"ఇవ్వనన్నాడు మేడమ్."

"అయిపోయాయా?"

"డబ్బా నిండా ఉన్నాయి. పదును సర్టిఫికెట్ చూపిస్తేనే ఇస్తాట్ట. సోమవారం నుంచి రూలట."

అదే రెండో వాక్యం. ఎవరో పెద్దమనిషి పాత అతిథిగృహంలో బస చేసి, ఫ్యాను వేసుకోబోయి షాకు తిన్నారు. ఆ మర్నాటి నుంచి శాఖకి అంచుల పిచ్చి పట్టుకుంది. అంచుల గురించి అవగాహన నడక పెట్టారు. బడిపిల్లల చేత అంచుల మీద వ్యాసాలు రాయించారు. పాత గృహ అంచుల పర్యవేక్షణ ప్రత్యేక విభాగం అని ఒకటి పుట్టింది. దాని మొదటి ఉత్తర్వులో ఇలా ఉంది: "అంచు పదునైనదని శాస్త్రీయముగా నిర్ధారణ అయిన పిమ్మట మాత్రమే బుష్ అమర్చవలెను. నిర్ధారణకు పూర్వమే అమర్చినచో సదరు బుష్ నిర్ధారణకు ఆటంకముగా పరిగణింపబడును."

"ఎవరు చూస్తారోయ్, తెచ్చి పెట్టేద్దూ" అన్నాను.

"లైసెన్సు పీకేస్తారు మేడమ్" అని మోజెస్ బోర్డు మూసేసి, పైడమ్మ నిలబడడానికి ఒక చెక్క పలక వేసి వెళ్లిపోయాడు. ఆవిడ రబ్బరు చెప్పులు వేసుకుని, ఆ పలక ఎక్కి, అట్లకాడ కర్రతో స్విచ్ నొక్కడం నేర్చుకుంది. నొక్కే ముందు ప్రతిసారీ కళ్లు మూసుకునేది.

దరఖాస్తు పెట్టుకుంటే అంచుల అధికారి పరాంకుశం గారు వేంచేశారు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ మడత చెడకుండా ఉండే మనిషి. మెయిన్ ఆపించి, బోర్డు విప్పించి, పైపు మూతి వంక చాలాసేపు చూశారు.

"పదునే కదండీ?" అన్నాను.

"అట్లు తొందరపడరాదు. పదును అనునది ఒక అభిప్రాయము. శాఖకు కావలసినది నిర్ధారణ."

"వేలు పెట్టి చూడండి, తెగుతుంది."

"వేలు ప్రామాణికము కాదమ్మా. నా వేలు వేరు, మీ వేలు వేరు. డైరెక్టరు గారి వేలు మరీ మృదువు. వేలిని ప్రమాణంగా స్వీకరిస్తే ఆయన వచ్చిన రోజున దేశమంతా పదునే." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "అందుచేత సాంకేతిక కమిటీ వారు దీర్ఘముగా చర్చించి, బెండకాయను ఖరారు చేసినారు."

నేను సరిగ్గానే విన్నాను. ఆయన ఓపిగ్గా వివరించారు కూడా. బెండకాయ గొట్టంలో పోయే తీగల కట్ట లావే ఉంటుంది. పైపు మూతిలో సులువుగా పడుతుంది. పొడవుగా ఉంటుంది కనక లాగి చూడవచ్చు. అన్ని జిల్లాల్లోనూ దొరుకుతుంది. పైగా శాకాహారం కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు. బెండకాయని మూతిలో పెట్టి ముందుకీ వెనక్కీ ఆడించాలి. తోలు తెగితే అంచు పదునైనట్టు, బుష్ మంజూరు. తెగకపోతే మొండి అంచు, బుష్ అనవసరం. విన్నంతసేపూ నాకు ఎక్కడా తప్పు దొరకలేదు. అందుకే భయం వేసింది.

"శాఖాపరమైన బెండకాయల టెండరు ఇంకా ఖరారు కాలేదు. ప్రస్తుతానికి గృహస్థులే సమకూర్చుకోవలెను."

నాకు నవ్వొచ్చింది. కర్రీ పాయింట్‌లో బెండకాయలకేం లోటు? పొద్దున రైతుబజారులో ఏరి తెచ్చిన బుట్ట ముందు పెట్టాను. ఆయన ఒకటి తీసి, బజార్లో మనమంతా చేసే పనే చేశారు. తోక విరిచి చూశారు. టప్పున విరిగింది. మరొకటి విరిచారు. అదీ అంతే.

"చెల్లదు. లేతవి."

నా జన్మలో ఎవరూ నా బెండకాయల్ని లేతవని తిట్టలేదు.

"లేతది దేనికైనా తెగుతుందమ్మా. అది అంచు గొప్పదనం కాదు, కాయ బలహీనత. తోక విరగనిది కావలెను."

"ముదురుదా? అది మా కత్తికే తెగదు!"

"అదే ప్రమాణము" అన్నారు పరాంకుశం గారు ప్రశాంతంగా.

పైడమ్మ వెళ్లి, ఆవుకి వేస్తానని చెప్పి, బజార్లో పారేసిన వాటిలోంచి ఒక బారెడు బెండకాయ పట్టుకొచ్చింది. కొడితే దెబ్బ తగిలేట్టుంది. దాన్ని పైపు మూతిలో పెట్టి ఆడించారు. మూతి మీద చిన్న పచ్చటి గీత పడింది. కాయకి ఏమీ కాలేదు.

"మొండి అంచు" అని ప్రకటించి, పరాంకుశం గారు గారెలు తిని వెళ్లారు. మళ్లీ మెయిన్ వేశాం. గోడ మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

ఆ వర్షాకాలమంతా మా ఊరి బజారు తలకిందులైంది. ఇన్నాళ్లూ "తోకలు విరిచేస్తే ఎవరు కొంటారమ్మా" అని మమ్మల్ని తిట్టిన కూరగాయల ఆడవాళ్లు, విభాగం వారొచ్చి బుట్టలు బుట్టలు విరిచిపోతుంటే నోరెత్తలేకపోయారు. ఆనక వాళ్లూ తెలివిమీరి "లేతవి కూరకి, ముదురువి గవర్నమెంటుకి" అని రెండు కుప్పలు పెట్టారు. రైతులు కాయల్ని చెట్టు మీదే ముదరనిచ్చారు. నాకు కూరకి బెండకాయ దొరకడం గగనమైపోయింది.

మా పక్కింటి లింగమూర్తి గారి సంగతి ఇంకోటి. ఆయన రిటైరైన తాలూకాఫీసు ఉద్యోగి. ప్రభుత్వ కాగితం చేతికందితే కళ్లకద్దుకుని చదివే మనిషి. ఎప్పుడో ముందు జాగ్రత్తగా తన ఇంట్లో ప్రతి పైపు మూతికీ బుష్ తొడిగించుకున్నారు. ఆయన ఇంట్లో ఏ గోడా ఎవరినీ కొట్టిన పాపాన పోలేదు. పరాంకుశం గారు అక్కడికీ వెళ్లారు.

"బుష్‌లు అమర్చి ఉన్నందున అంచులు కనబడుట లేదు. అంచు కనబడనిదే పరీక్ష లేదు. పరీక్ష లేనిదే నిర్ధారణ లేదు. కనుక తొలగించవలెను."

"తప్పకుండా, తప్పకుండా" అని లింగమూర్తి గారు స్వయంగా నిచ్చెన పట్టుకుని, మోజెస్ చేత అన్నీ పీకించారు. ముదురు బెండకాయ ఆడించారు. ఒక్క చోటా తెగలేదు.

"చూశారా, అన్నీ మొండి అంచులే. మీరు ఇన్నాళ్లూ అనవసరంగా రక్షణలో ఉన్నారు" అని పరాంకుశం గారు ఆ బుష్‌లన్నీ సంచిలో వేసుకుపోయారు. శాఖ లెక్కల్లో వాటి పేరు 'నిరాధార రక్షణ సామగ్రి'.

మర్నాడు లింగమూర్తి గారి భార్య మా పెరటి గోడ మీంచి తొంగి చూసి, "హైమావతీ, మీ పైడమ్మ వేసుకునే చెప్పులెక్కడ కొన్నారు?" అని అడిగింది. వీధిలో చాలా ఇళ్ల కథ అదే. బుష్ లేని వాళ్లకి రాలేదు. ఉన్నవాళ్లవి పోయాయి.

నాకు ఒళ్లు మండి అప్పీలు పెట్టాను. అందులో తెలివి ఉపయోగించాననుకున్నాను. "బెండకాయలో కరెంటు ఉండదు, తీగలో ఉంటుంది. తీగ కరెంటుతో వేడెక్కుతుంది, మెత్తబడుతుంది, అప్పుడే అంచుకి తెగుతుంది. కాబట్టి మెయిన్ ఆపి చేసిన బెండకాయ పరీక్ష చెల్లదు" అని రాశాను. రాసి మురిసిపోయాను కూడా.

డైరెక్టరు చిదానందం గారే కదిలి వచ్చారు. పరాంకుశం గారు వెనకాల బెండకాయల పెట్టెతో నిలబడ్డారు. లింగమూర్తి గారు, మోజెస్, సగం వీధి మా వంటింటి గుమ్మంలో చేరారు. డైరెక్టరు గారు నా అప్పీలుని చాలా మెచ్చుకున్నారు.

"గృహిణి అయి ఉండియు శాస్త్రీయముగా ఆలోచించినారు. మీ వాదనతో శాఖ ఏకీభవించుచున్నది. బెండకాయలో కరెంటు లేకపోవుట లోపమే." ఆయన పరాంకుశం గారి వైపు తిరిగారు. "కావున పరీక్షను వినియోగ స్థితిలో నిర్వహింపుడు. మెయిన్ ఆన్ చేసి."

గదిలో అందరూ గోడకి దూరం జరిగారు.

"మరి బెండకాయ ఎవరు పట్టుకోవలెనండీ?" అన్నారు పరాంకుశం గారు. ఆయన మాటలో మొదటిసారి మడత చెడింది.

డైరెక్టరు గారు ఆలోచించారు. అధికారులు ప్రభుత్వ సొత్తు కనక వీల్లేదట. మోజెస్ లైసెన్సు గలవాడు. అతనికేమైనా అయితే శాఖకి జవాబుదారీ. గృహిణి అప్పీలుదారు కనక ఆమె చేస్తే పక్షపాతం. ఆయన చూపు అలా తిరిగి తిరిగి పలక మీద నిలబడ్డ పైడమ్మ దగ్గర ఆగింది.

"ఈమె ఎవరు?"

"పనావిడండీ. ఇదివరకే షాకు తిన్నావిడ" అన్నారు పరాంకుశం గారు.

"భేష్. అనుభవజ్ఞురాలు."

పరాంకుశం గారు బోర్డు విప్పించి, మెయిన్ వేయించి, పెట్టెలోంచి ముదురు కాయ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కాయ, నీళ్లు కారుతోంది. పైడమ్మ నా వంక చూడలేదు. పెద్దవాళ్లు చెప్పారు, చెయ్యాలి, అంతే. చెప్పులు కూడా లేవు ఆవిడకి. అధికారులొస్తున్నారని గౌరవానికి విప్పేసింది. కళ్లు మూసుకుని చెయ్యి ముందుకి చాపింది.

నేను ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. రెండో చేత్తో మెయిన్ కిందికి గుంజాను.

"ఎందుకు పెట్టబోయావే?" అని ఆవిడ మీదే అరిచాను.

"బాబుగోరు సెప్పినారు కదండీ."

"కావాలంటే మీ చెయ్యి పెట్టి చూసుకోండి. ఆవిడ జోలికొస్తే మర్యాద దక్కదు" అన్నాను డైరెక్టరు గారితో. ఇంకా చాలా అన్నాను. అవి అచ్చుకి పనికిరావు.

ఆయన కోప్పడలేదు. గొప్పవాళ్లు కోప్పడరు, నిర్ణయం తీసుకుంటారు. 'పరీక్షకు ఆటంకము' కింద మా ఇంటి ఫ్యూజు పీకి పట్టుకుపోయారు. మా ఇల్లొక్కటే అయితే వివక్ష అవుతుందని వీధిలో పాత ఇళ్లన్నిటి ఫ్యూజులూ పట్టుకుపోయారు. లింగమూర్తి గారు తమది తామే తీసి ఇచ్చారు.

గ్రైండర్ మూలపడింది. పెరట్లో చెట్టు కింద పడి ఉన్న రుబ్బురోలు కడిగి లోపలికి దొర్లించాం. పైడమ్మ తెల్లారి లేచిన దగ్గర్నుంచి రుబ్బేది. నేనొక వాయి, ఆవిడ రెండు వాయిలు. నాకు భుజం పట్టేస్తే ఆవిడే నా వాటా కూడా రుబ్బేది. వారం తిరక్కుండా అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. పసుపు రాస్తూ, "పోనీ కొన్నాళ్లు గారెలు మానేద్దామా?" అన్నాను.

"మానేత్తే నాకు పనేటి ఉంటాది అమ్మగోరూ?" అని, పొత్రం వైపు చూసి, "కరెంటు కొడితే ఒక్కపాలే కొట్టీది. ఇది రోజూ కొడతంది" అంది.

సరిగ్గా అప్పుడే శాఖ వారు గణాంకాలు వెలువరించారు. దివాను గారి వీధిలో షాకు కేసులు సున్న. రాష్ట్రంలో మరెక్కడా సాధించని ఫలితమట. విజయోత్సవం మా వీధిలోనే. షామియానా వేశారు. వీధిలో కరెంటు లేదు కనక జనరేటరు తెచ్చారు. ఇనప చట్రాల వేదిక కట్టి, వెనకాల రేకులు నిలబెట్టి, రేకుకి బెజ్జం కొట్టి అందులోంచి మైకు తీగలు లాగారు. వేదిక మీద బల్ల వేసి, ఎర్రగుడ్డ పరిచి, ఇత్తడి పళ్లెంలో స్వాధీనం చేసుకున్న బుష్‌లు రాశిగా పోసి ప్రదర్శనకి పెట్టారు. "అదిగో, పై వరసలోవి నావే" అని లింగమూర్తి గారు గర్వంగా చూపించారు.

డైరెక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని గంటసేపు మాట్లాడారు. ఈ విజయం సామాన్యులదని, అందుకు గుర్తుగా పైడమ్మకి శాలువా కప్పారు. "రెండు మాటలు మాట్లాడమ్మా" అన్నారు. మైకు స్టాండు ఆవిడ తల కన్నా ఎత్తుగా ఉంది.

"కిందికి దించుకోమ్మా. అదిగో, ఆ ఇనప కడ్డీ పట్టుకుని."

పైడమ్మ చెయ్యెత్తలేదు. కడ్డీ వంక చూసింది. కడ్డీ నుంచి తీగ వెంబడే చూపు నడిపించి, వెనకాల రేకు బెజ్జం దగ్గర ఆగింది. తరవాత చేతులు రెండూ శాలువాలో ముడుచుకుంది.

"మీరే దించండి బాబూ. ముందు మీరు ముట్టుకోండి. ఆనక నాను మాటాడతాను."

ఆ మాట మైకులో పడి వీధి చివరిదాకా వినబడింది. డైరెక్టరు గారు నవ్వుతూ చెయ్యి చాపారు. చాపుతూ వెనక్కి తిరిగి ఆ బెజ్జం చూశారు. అప్పుడే కోసిన రేకు అంచు, దాని మీద ఒరుసుకుంటూ తీగ. చెయ్యి సగంలో ఆగింది. నవ్వు కూడా ఆగింది.

"ఎవరయ్యా అక్కడ! కళ్లు కనబడడం లేదా? ఆ తీగ తెగి చస్తాం అందరం! దానికో బుష్ పెట్టండి ముందు!"

జనరేటరు ఆపారు. మోజెస్ ఒక్క అంగలో వేదికెక్కి, పళ్లెంలోంచి ఒక బుష్ తీసి, బెజ్జానికి తొడిగి, తీగ మళ్లీ దూర్చాడు. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. పరాంకుశం గారు పెట్టె పట్టుకుని పక్కనే ఉన్నారు. బెండకాయ ఎవరూ అడగలేదు.

మళ్లీ జనరేటరు వేశారు. డైరెక్టరు గారు స్వయంగా స్టాండు దించి, రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. పైడమ్మ ముందుకొచ్చి మైకు దగ్గర నోరు పెట్టింది.

"మా గోడకీ ఒకటెట్టించీండి బాబూ. మా ఫ్యూజు మాకిచ్చీండి."

"పరిశీలిస్తాం" అన్నారు డైరెక్టరు గారు. "సాంకేతిక కమిటీ ముందు ఉంచి, అన్ని కోణాల నుంచీ, తగు సమయంలో..."

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. మొట్టమొదట లేచింది లింగమూర్తి గారు. జీవితంలో ఎన్నడూ అనుమతి లేకుండా ఏదీ తీసుకోని మనిషి, వేదికెక్కి పళ్లెంలోంచి తనవి ఏరుకుని పంచె చెంగులో వేసుకున్నారు. ఆ వెనక ఆయన భార్య. ఆ వెనక వీధి వీధంతా వరసలో నిలబడి, ప్రసాదం తీసుకున్నట్టు తలా ఒకటి తీసుకుని దిగిపోయింది. నేను మా గోడకి కావలసినది తీసుకున్నాను. పైడమ్మ చిట్లిన అరచేతిలో దాన్ని పెట్టి గుప్పిట మూశాను. మోజెస్ జేబులోంచి ఆకురాయి తీసి, మా ఇంటి వైపు ఈల వేసుకుంటూ నడిచాడు. మైకులో అన్ని కోణాలూ ఇంకా వినబడుతున్నాయి. పళ్లెం ఖాళీ అయింది.